మొగ్గ పట్టని సాళ్లు

ఏకాంబరం లెక్కలో వీధి దీపం ఉండేది దారి చూపడానికి కాదు, తనను చూపడానికి. ఐరాల దగ్గర మామిడితోపు కొట్టించి ప్లాట్లు వేశాడు. కంచె పొడుగునా పన్నెండు స్తంభాలు, ఒక్కోదానికి ఒక ఎల్ఈడీ లైటు. బిగించే పని నాది.

లైటు ముఖం కిందికి వంచి, పైన ఒక రేకు గొడుగు పెడితే వెలుగంతా రోడ్డు మీదే పడుతుందని, పక్క పొలాల్లోకి పోదని ముందే చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నేలకు కొడితే ఎవురికి కనపడతాదిరా మునిశేఖరా? కాణిపాకం పోయే కార్లోళ్లకు కనపడాల."

ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి నేను. ఆయనకు బల్బు మార్చడం కూడా రాదు. అయినా సరే సార్ అని, లైట్లన్నీ ముఖాలు ఎత్తి బిగించాను. సాయంత్రం స్విచ్ వేస్తే గుట్ట దాకా తెల్లబడింది. స్తంభం మొదట్లో మాత్రం కాలు ఎక్కడ పెడుతున్నామో తెలియదు. ఏకాంబరం నడుం మీద చేతులు పెట్టుకుని మురిసిపోయాడు. కొడుకు పుట్టినప్పుడు కూడా అంతగా మురిసి ఉండడు.

కంచె అవతల కృపామణి చామంతి తోట. కౌలు నేల. కార్తీకంలో పూలు కోసి కాణిపాకం అంగళ్లకు వేయాలని ఆ ఒక్క పంటనే నమ్ముకుంది. దసరా దాటాక నన్ను పిలిచి చూపించింది.

"ఆడ సూడన్నా, దూరం సాళ్లన్నీ మొగ్గ పట్టినాయి. ఈడ ఆకే గాని మొగ్గ లేదు."

చామంతికి రాత్రి పొడుగునా చీకటి ఉంటేనే మొగ్గ కడుతుందని ఉద్యానశాఖ అమ్మాయి వచ్చి చెప్పిందట. కృపామణి పోయి ఏకాంబరాన్ని బతిమాలింది. ఆ మహానుభావుడు ఆమెకే వ్యవసాయం నేర్పి పంపాడు. వెలుతురుంటే చెట్టు ఏపుగా పెరుగుతుందట. ఊరికే వెలుతురు ఇస్తున్నందుకు తనకు దండం పెట్టాలట. ఆమె ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ తెచ్చి కంచెకు అడ్డంగా కట్టుకుంది. ప్లాట్లు చూడ్డానికి వచ్చేవాళ్ల ముందు పరువు పోతోందని ఏకాంబరం వాటిని నా చేత విప్పించాడు. ఛీ, ఆయనదీ ఒక బతుకేనా.

కార్తీకం సగమైంది. ప్లాటు కొనడానికి చిత్తూరు నుంచి ఒక కుటుంబం పొద్దుగూకే వేళకు వచ్చింది. లైట్లు కళ్లలో కొట్టి, కాలి కింద ఏమీ కనబడక, వాళ్ల పెద్దావిడ స్తంభం పక్కనే కాలువలో పడింది. కాలు బెణికింది. ప్లాటూ వద్దు, ఏమీ వద్దని వెళ్లిపోయారు.

తెల్లారేసరికి ఏకాంబరం జ్ఞాని అయిపోయాడు. వెలుతురు రోడ్డు మీద పడాలి గాని గాలిలోకి ఎందుకని నాకే పాఠం చెప్పి, లైట్ల ముఖాలు కిందికి దించమన్నాడు. నేను చెప్పిన మాటే, నేను ఎన్నడూ విననట్టు. ఆ మొహాన ఉమ్మేయాలనిపించింది. సరే సార్ అన్నాను.

నిచ్చెన వేసుకుని, స్పానరుతో ఒక్కొక్క లైటూ కిందికి వంచి, గొడుగు బిగించాను. మధ్యాహ్నం అన్నానికి ముందే పని అయిపోయింది. కృపామణి కంచె అవతల నిలబడి అంతసేపూ చూసింది. ఇప్పుడు మొగ్గ పట్టినా పువ్వు విచ్చేసరికి కార్తీకం పోతుందని ఇద్దరికీ తెలుసు.

నేను దిగివచ్చి, మొదట్లోనే చెప్పినా నా మాట వినలేదని, ఏకాంబరం ఎంత దరిద్రుడో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"ఆయనకు తెలీదన్నా. నీకు మొదటి పొద్దు నుంచే తెలుసు గదా. నా చీరలు ఇప్పింది గూడా నువ్వే."

కోపంగా కూడా అనలేదు. వెనక్కి తిరిగి కలుపు తీయడానికి కూర్చుంది.

నేను నిచ్చెన భుజాన వేసుకుని, కూలి అడగడానికి ఏకాంబరం దగ్గరికి పోయాను.