బొటనవేలికి నల్లదారం

సోల్ బొటనవేలు చాపింది. ఏడుపు లేదు, మారాం లేదు. అన్నం గిన్నె ముందు కూర్చుని, కడుపు నొప్పి అని చెప్పి, తాత వైపు చేయి పెట్టింది.

తక్ మన్‌సిక్ లేచి సూదుల డబ్బా తెచ్చాడు. దేగు నగరంలో కోట్లు కుట్టి బతికిన మనిషి. కొట్టు మూసేసినా సూదులు పారెయ్యలేదు. ముందు మనవరాలి వీపు చరిచాడు. రక్తాన్ని కిందికి తోస్తున్నట్టు భుజం నుంచి మణికట్టు దాకా గట్టిగా నిమిరాడు. బొటనవేలికి నల్లదారం బిగించి చుట్టాడు. సూదిమొన మంటలో కాల్చి, గోరు మొదట్లో చటుక్కున పొడిచాడు. నల్లటి రక్తపు బొట్టు పొంగింది.

"చూశావా, ఎంత నల్లగా ఉందో. తిన్నది అడ్డం పడింది," అన్నాడు.

సోల్ త్రేన్చింది. త్రేన్పు వచ్చిందంటే అడ్డం పోయినట్టే. ఆ చప్పుడు వినగానే మన్‌సిక్ ముఖం విప్పారింది. చిన్నప్పుడు అతనికి వాళ్లమ్మ ఇలాగే చేసేది. అపార్ట్‌మెంటులో ముసలివాళ్లు కూర్చునే గదిలో ఎవరికి కడుపుబ్బినా అతని దగ్గరికే వేలు చాపుకుంటూ వస్తారు. చదరంగం ఆడే ప్యో అయితే, మన్‌సిక్ సూది పడితే మేకులు మింగినవాడికైనా అరిగిపోతాయని ఎగతాళి చేస్తాడు. ఆ ఎగతాళి మన్‌సిక్‌కు ఇష్టం.

సోల్‌కు చలికాలం నుంచీ ఇదే వరస. నొప్పి వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. నిద్రలో పళ్లు కొరుకుతోంది. కోడలు నారే ఒకసారి డాక్టరుకు చూపిద్దామంది. పిల్ల గబగబా తింటోంది, అంతకు మించి ఏం లేదని మన్‌సిక్ కొట్టిపారేశాడు. గబగబా తినక ఏం చేస్తుంది. బడి వదలగానే గేటు దగ్గర పసుపు వ్యాను ఉంటుంది. లెక్కల కోచింగు, అది కాగానే ఇంగ్లీషు కోచింగు. తిండి కూడా వ్యానులోనే.

ఆ శనివారం లెక్కల కోచింగులో పరీక్ష ఉంది. నెగ్గితే పై బ్యాచిలో ఉంటుంది, లేకపోతే కిందికి దింపుతారు. తన మనవరాలు పై బ్యాచి అని మన్‌సిక్ ముసలివాళ్ల గదిలో చెప్పుకోని రోజు లేదు. పిల్ల వ్యాను దిగగానే అతని నోట వచ్చే మొదటి మాట, "ఎన్ని వచ్చాయి?"

గురువారం బడి నుంచి ఫోను వచ్చింది. కొడుకు ఉల్సాన్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ పనిలో ఉంటాడు. నారే ఆఫీసు విడిచి రాలేక మామగారిని వెళ్లమంది. మెచ్చుకోవడానికే పిలిచారేమో అనుకున్నాడు మన్‌సిక్. తన చేత్తో కుట్టుకున్న కోటు తీసి వేసుకున్నాడు.

రమ్మన్నది బడిలో పిల్లల ఆరోగ్యం చూసే టీచరు. పేరు ఉమ్. ఆమె అతన్ని తన గదిలో కూర్చోబెట్టి, అక్కడ మంచం మీదున్న సోల్ రెండు చేతులూ తిప్పి చూపించింది. ప్రతి వేలి మీదా పొడిచిన చుక్కలే. కొన్ని ఎండిపోయాయి, ఒకటి చీముపట్టి ఉబ్బింది. పరీక్ష పెట్టినప్పుడల్లా పిల్ల జుట్టుకు పెట్టుకునే రబ్బరు వేలికి బిగించి, బల్ల కింద కంపాసు ముల్లుతో పొడుచుకుంటోందట. పక్కన కూర్చునే పిల్ల చూసి చెప్పింది.

"ఇంట్లో ఎవరైనా ఇలా చేస్తారా పెద్దాయనా?"

గొంతు మెత్తగానే ఉంది. కళ్లు మాత్రం అతని చేతుల మీద ఉన్నాయి. మన్‌సిక్ చేతులు కోటు జేబుల్లోకి వెళ్లాయి.

"తాత కాదు, నేనే," అంది సోల్.

అలా పొడుచుకుంటే కడుపు నొప్పి తగ్గుతుందా అని టీచరు అడిగింది. తగ్గదంది. కాకపోతే వేలు మండుతుంటే కడుపు సంగతి కాసేపు గుర్తుండదంది. టీచరుకు సంగతి అర్థమై, తాత పొడిచినప్పుడైనా తగ్గుతుందా అని అడిగింది.

సోల్ తాత వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"అప్పుడూ తగ్గదు. త్రేన్పు రాకపోతే తాత రెండో వేలు పొడుస్తాడు. అందుకని గాలి మింగి త్రేన్చేస్తాను. తగ్గిందంటే తాతకు సంతోషం."

మన్‌సిక్‌కు చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి కూర్చున్నాడు. అది పిల్ల తన కోసం వేసిన వేషం. కడుపు నొప్పితో ఉన్న పిల్ల తనను ఊరడించింది. పైగా ఇప్పుడు తన తప్పు నెత్తిన వేసుకుంది. అతను కోటు జేబుల్లోంచి చేతులు బయటికి తీశాడు.

"నేనే నేర్పాను," అన్నాడు చివరికి. చాలా చిన్నగా అన్నాడు. టీచరుకు వినపడలేదేమోనని మళ్లీ అన్నాడు.

ఆమె సోల్‌ను నీళ్లు తాగి రమ్మని బయటికి పంపి, తలుపు మూసింది. డాక్టరుకు చూపించి తీరాలంది. కానీ తను చూసినంతలో కడుపులో అడ్డం పడింది ఏమీ లేదని చెప్పింది. పిల్ల నెలల తరబడి లోపల బిగుసుకుపోయి ఉంది. పెద్దవాళ్లయితే అలిసిపోయామని నోటితో అంటారు, పిల్లల్లో ఆ మాట కడుపు అంటుంది, నిద్ర అంటుంది. ఇలాగే సాగితే ఎదిగే పిల్లకు మంచిది కాదు. నిద్ర పోనివ్వండి, ఆడుకోనివ్వండి, మార్కులు అడగకుండా పక్కన కూర్చునే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి అంది. ఆ ఆఖరి మాట తనను చూసే అన్నట్టు అనిపించింది మన్‌సిక్‌కు.

గేటు దగ్గర పసుపు వ్యాను సిద్ధంగా ఉంది. సోల్ అలవాటుగా వెళ్లి మెట్టు మీద కాలు పెట్టింది. మన్‌సిక్ ఆమె సంచి పట్టుకుని ఆపాడు. ఇవాళ రాదని డ్రైవరుకు చెప్పాడు.

"శనివారం పరీక్ష కదా?"

"దానికీ రాదు."

వ్యాను వెళ్లిపోయింది. సోల్ అటే చూసింది. "తాతా, నన్ను కిందికి దింపేస్తారు."

"దింపనీ," అన్నాడు.

ఇద్దరూ నడిచారు. ఏదైనా మాట్లాడాలనుకున్నాడు. నాలిక చివరికి వచ్చింది ఎన్ని వచ్చాయన్న మాటే. దాన్ని మింగేశాక ఇంకో మాట దొరకలేదు. తన ఇంట్లోనే పుట్టి పెరిగిన పిల్లతో తను మాట్లాడింది ఇంతేనా అని నడుస్తూనే సిగ్గుపడ్డాడు. సందు మలుపులో సోల్ ఆగి, గోడ మీద పడుకున్న పిల్లిని చూసింది. తనూ ఆగాడు. పిల్లి లేచి పోయేదాకా ఇద్దరూ చూశారు.

సాయంత్రం నారే వచ్చాక సూదుల డబ్బా బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాడు. పరీక్ష మాన్పించింది కూడా చెప్పాడు. కోడలు నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"వేళ్ల మీద గుర్తులు నేనూ చూశాను మామయ్యా. ముందు పరీక్ష అయిపోనీ, తర్వాత అడుగుదాం అనుకున్నా," అంది. ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఫోను తీసి, మర్నాటికి సెలవు అడిగింది.

మర్నాడు డాక్టరు కూడా టీచరు చెప్పిందే చెప్పాడు. వేలికి మందు రాసి కట్టు కట్టి, పిల్లలతో మాట్లాడి మనసు కుదుటపరిచే వైద్యురాలి దగ్గరికి పంపాడు. ఆ సాయంత్రం ముసలివాళ్ల గదిలో ప్యో కడుపు పట్టుకుని వేలు చాపాడు. మన్‌సిక్ డబ్బా తేలేదు. పిల్ల ఇప్పుడు ఏ బ్యాచి అని ప్యో అడిగితే, ఏ బ్యాచీ కాదు అన్నాడు. గదిలో అందరూ అతని వైపు చూశారు. అతను పావులు సర్దుకున్నాడు.

శనివారం పొద్దున సోల్ అన్నం గిన్నె ముందు కూర్చుంది. కోచింగులో పరీక్ష మొదలయ్యే వేళ అయింది. గడియారం చూసింది. ముఖం పాలిపోయింది. మాట లేకుండా కట్టు కట్టిన చేయి పక్కన పెట్టి, రెండో చేతి బొటనవేలు చాపింది.

మన్‌సిక్ ఆ వేలు పట్టుకుని మెల్లగా మడిచి, ఆమె ఒళ్లో పెట్టాడు. కింద కూర్చుని పిల్ల కడుపు మీద అరచేయి వేసి, గుండ్రంగా రాస్తూ ఉన్నాడు. కుట్టుపనితో మొద్దుబారిన చేయి. ఏమీ అడగలేదు.

చాలాసేపటికి సోల్ గాలి మింగబోయింది. అతనికి తెలిసింది. చేయి ఆపాడు. ఆమె అతని కళ్లలోకి చూసి, ఆ గాలి వదిలేసింది.

"తగ్గలేదు తాతా," అంది.

"ఊఁ," అన్నాడు మన్‌సిక్. మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.