ఏది ముందు, ఏది తర్వాత

ఆక్సిజన్ మెషీన్లు తయారుచేసే ఒక కంపెనీలో, మెషీన్‌తో పాటు పెట్టెలో పెట్టే చిన్న పుస్తకం రాసేది వరసక్క. ఏది ముందు రావాలి, ఏది తర్వాత రావాలి అని ప్రాణం తీస్తుందని తోటివాళ్లు పెట్టిన పేరది. ఆవిడ రాసిన శీర్షికలు చదివేవాళ్ల చూపుడువేలు పట్టుకుంటాయి. ఆ పట్టు చిన్నపిల్ల పట్టుకున్నట్టే వెచ్చగా ఉంటుంది. అలా పట్టుకునే తర్వాతి శీర్షిక దాకా నడిపిస్తాయి. ప్రూఫులు దిద్దే పెద్దాయన మాత్రం, టీ ఎడమచేత్తో తాగాల్సి వస్తోందని విసుక్కునేవాడు.

పుస్తకం కొత్తగా రాయాల్సి వచ్చినప్పుడు ఆవిడ ఇంజనీరు చెప్పిన వరసే పెట్టింది: మెషీన్ పుట్టుక, భాగాలు, పనిచేసే తీరు, చిట్టచివర ఇబ్బందులు. అచ్చుకి పంపేముందు ఎవరిచేతనైనా చదివించి చూడటం ఆవిడ అలవాటు. ఈసారి ఒక దర్జీ ఇంటికి వెళ్లింది. దర్జీ భర్త ఊపిరితిత్తులు పాడై రెండేళ్లుగా ఆ మెషీన్ మీదే బతుకుతున్నాడు.

దర్జీ కుట్టుపని ఆపి పుస్తకం తెరిచింది. మొదటి శీర్షిక ఆమె వేలు పట్టుకుని మెషీన్ పుట్టుక దగ్గర్నుంచి తిప్పడం మొదలుపెట్టింది. పదో పేజీలో ఆమె తలెత్తి మంచం వైపు చూసింది.

"అమ్మాయ్, మెషీన్ ఆగిపోతే ఇదంతా తిరిగి నేనెప్పటికి చేరతాను? ఆయన అంతసేపు ఆగలేడు కదా."

వరసక్క తిరుగు బస్సులోనే మళ్లీ రాయడానికి కూర్చుంది. కంగారులో మనిషి నోటినుంచి ఏ మాట వస్తుందో అదే శీర్షిక. "మెషీన్ ఆగిపోయిందా?" అన్నది మొదటి పేజీకి వచ్చింది. దాని కింద పొట్టి వాక్యాలు, ఒక్కోదానికి ఒక్కటే పని, చేయాల్సిన వరసలో. మెషీన్ పుట్టుక, తీరిక ఉన్నవాళ్ల కోసం వెనక్కి వెళ్లింది.

ఇంజనీరు ఒప్పుకోలేదు. మొదటి పేజీలోనే ఆగిపోవడం గురించి రాస్తే ఎవరు కొంటారన్నాడు.

"కొనేవాళ్లకి కరపత్రం ఉంది సార్. ఇది ఇంట్లో ఒక్కతే ఉన్న మనిషికి."

వారంరోజుల వాదన తర్వాత ఆయన సరేనన్నాడు. అచ్చయిన మొదటి కాపీ వరసక్క దర్జీకే పంపింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం దర్జీ ఇంట్లో మెషీన్ కీచుమని ఆగిపోయింది. ఆమె పుస్తకమైతే తెరిచింది గానీ, కళ్లనిండా నీళ్లు, ఒక్క అక్షరం కనబడలేదు. శీర్షిక ఆమె వేలు పట్టుకుంది. పేజీ దాటి, అవసరానికని మూలన ఉంచిన ఆక్సిజన్ సిలిండర్ దాకా తీసుకెళ్లింది. వాల్వు తిప్పించింది. గొట్టం మార్పించింది. మీటరు మీద డాక్టరు చెప్పిన అంకె దగ్గర చెయ్యి ఆపించింది. భర్త పెదాల మీది నీలం మెల్లగా తగ్గేదాకా అక్కడే ఉంచి, అప్పుడు పేజీ చివరనున్న కంపెనీ ఫోన్ నంబరు దగ్గరికి నడిపించింది.

మర్నాడు ఆయనే వరసక్కకి ఫోన్ చేశాడు. మాటమాటకీ ఆగుతూ, "తల్లీ, ఈ పూట కూడా మా ఆవిడ చేతి అన్నం తిన్నాను," అన్నాడు.

తర్వాతి అచ్చులో ఇంజనీరు ఎవరికీ చెప్పకుండా చివరి పేజీలో ఒక మాట చేర్చాడు: "ఈ పుస్తకం ఏ వరసలో రాయాలో మాకు నేర్పింది ఒక దర్జీ. ఆమెకు కృతజ్ఞతలు."

కొత్త కాపీ అందాక, దర్జీ ఆ పేజీకి చేరగానే శీర్షిక ఆమె వేలు వదిలేసింది. ఆమె కళ్లజోడు తుడుచుకుని, భర్తకి వినబడేలా పైకి చదివింది. మళ్లీ చదవమన్నాడాయన.