రెండు జడ్డిగాల గొర్రు

నేను ఒక గొర్రును. దుక్కి నేలలో సాళ్లు తీసి, నా నెత్తిన ఉన్న జడ్డిగం అనే గిన్నెలో పోసిన గింజల్ని వెదురు గొట్టాల గుండా మట్టిలోకి దించడం నా పని. జహీరాబాద్ దగ్గరి పల్లెలో తుల్జమ్మ తండ్రి మంచి తుమ్మకర్ర చూసి నన్ను చేయించాడు. ఆయన పోయాక తుల్జమ్మ పట్టుబట్టి నన్ను అత్తగారింటికి తెచ్చుకుంది. తండ్రి గుర్తుగా అందరూ ఫొటో తెచ్చుకుంటారు, ఈమె నన్ను తెచ్చుకుంది. అందుకు నాకు కాస్త గర్వమే.

ఆమె భర్త మాణెప్పకు నేనంటే గిట్టదు. గోధుమలూ ఎరువూ చేత్తో వెదజల్లేసి, పొద్దెక్కేలోపు హోటల్లో చాయ్ ముందు కూర్చునే రకం. ఎరువు చేనంతా పడితే కలుపు ఊరుకుంటుందా? నిరుడు అదే ముందు మేసి బలిసింది, గోధుమ కంకులు పీలగా వచ్చాయి. మాణెప్ప మాత్రం విత్తనాలు అమ్మినవాణ్ని తిట్టాడు.

ఈసారి తుల్జమ్మ వడ్రంగి దగ్గర కూర్చుని నాకు రెండో జడ్డిగం పెట్టించింది. ఒకదాంట్లో గింజ, ఇంకోదాంట్లో ఎరువు. ఎరువు అదే సాలులో, గింజకు రెండు వేళ్ల కింద పడుతుంది. సాళ్ల మధ్య మొలిచే కలుపుకు పస్తే.

"సగం చేను నాకియ్యి. నీ సగం కంటే మంచిగ పండకుంటే గీ గొర్రును పొయ్యిల పెట్టుకో," అంది.

"మాట తప్పొద్దు మరి. నీళ్లు కాగవెట్టనీకి కట్టెలు లెవ్వు," అన్నాడు మాణెప్ప, నన్ను ఎగాదిగా చూస్తూ.

నా ప్రాణం పణంగా పెట్టేముందు నన్నొక మాట అడగాలని ఇద్దరికీ తోచలేదు. ఆ మాటన్నాక తుల్జమ్మ నా కర్రను ఒకసారి నిమిరింది. అదొక్కటే నాకు ఊరట.

తుల్జమ్మ తన సగం నాతో విత్తింది, మాణెప్ప తన సగంలో ఎప్పటిలాగే వెదజల్లాడు. ఆ తర్వాత నన్ను చేని గట్టుకు ఆనించారు. నెల తిరిగేసరికి మాణెప్ప సగం పచ్చగా కళకళలాడింది. నా సగంలో సాళ్ల మధ్య నేల బోసిగా కనిపిస్తోంది. అతను వచ్చి నా కర్రను వేలితో కొట్టి, ఎండిందా లేదా అని చూసి పోయాడు. నిజం చెబుతున్నాను, భయపడ్డాను.

ఆ పచ్చదనంలో సగం పప్పుకూర అనే కలుపు మొక్కేనని, వండుకు తినే ఆకేనని తుల్జమ్మ ముందే పసిగట్టింది. తన సాళ్ల మధ్య మొలిచిన కాస్త కలుపునూ రెండు పూటల్లో తీసేసింది. మాణెప్ప సగంలో సాళ్లే లేవు, కాలు పెడితే గోధుమే నలుగుతుంది. రోజూ గట్టు మీద సద్ది విప్పేవాళ్లు.

"మల్ల పప్పుకూరనేనా?"

"నీ ఎరువంత అదే తిన్నది. మస్తు రుచిగుంటది, తిను."

కోతలయ్యాయి. నా సగం కుప్ప మాణెప్ప భుజం దాటింది. అతనిది మోకాలి దగ్గరే ఆగింది. ఓడిపోయానని అతను అనలేదు. మరుసటి ఏడు విత్తే రోజున మాత్రం, ఎవరూ చెప్పకుండానే ఎడ్లను నాకు కట్టాడు.

"పగ్గాలు నాకియ్యి. నువ్వు ఎన్క నడిచి గింజ పొయ్యి," అంది తుల్జమ్మ.

పోశాడు. ఒకచోట గుప్పెడు, ఇంకోచోట ఏమీ లేదు. సాలు చివర చెమట తుడుచుకుని, "ఎట్లున్నదే?" అని మెల్లగా అడిగాడు.

ఆమె వెనక్కి తిరిగి సాలంతా చూసింది. "మా నాయిన గూడ మొదటేడు గిట్లనే పోసిండు," అంది.

ఆమె తండ్రి చేతి నుంచి ఒక్క గింజ అటూ ఇటూ పడటం నేనెన్నడూ చూడలేదు. కానీ మాణెప్ప ముఖం వెలిగిపోయింది. నేను నోరు మూసుకుని రెండో సాలులోకి తిరిగాను.