జడ్జిగారి ఇసుక డబ్బా

నేను ఒక ఇసుక డబ్బాను. తగరపు రేకుతో చేశారు. నెత్తిన సన్నటి చిల్లులు. అమెరికాలో ఇంగ్లండు రాజు పెత్తనం పోతున్న రోజులవి. బాతు ఈకతో రాసిన సిరా తొందరగా ఆరదు. రాయగానే నన్ను వంచి ఇసుక చల్లేవారు. ఎవరైనా రాస్తేనే నాకు పని. నా అంతట నేను గీత కూడా గీయలేను.

నన్ను కొన్నది ఎలిఫలెట్ క్రేన్ అనే వకీలు. మాటకారి. పేరు పెరిగి చట్టసభకు వెళ్ళాడు. మనుషులందరూ పుట్టుకతోనే స్వతంత్రులని తమ రాష్ట్ర హక్కుల పత్రంలో రాశాడు. ఆ మాట మీద ఇసుక చల్లింది నేనే. కాస్త పొంగిపోయాను కూడా.

తర్వాత జడ్జి అయ్యాడు. గుర్రం మీద ఊరూరా తిరిగి ఆరు నెలలకోసారి కోర్టు పెట్టేవాడు. ఒక ఊళ్ళో సబీనా అనే బానిస, తనను విడిపించమని దావా వేసింది. వచ్చే చలికాలం పోయాక ఆమెను దక్షిణాదికి అమ్మేస్తానంటున్నాడట యజమాని.

"నేనూ పుట్టినదాన్నే గదా, అయ్యగారూ" అంది.

కోర్టంతా నవ్వింది. జడ్జి నవ్వలేదు. వాయిదా వేశాడు.

చిక్కేమిటంటే, ఆ ఊరి సత్రం నిండా నల్లులు. అందుకని జడ్జి ఎప్పుడు వచ్చినా పిట్కిన్ ఇంట్లోనే దిగేవాడు. సబీనా యజమాని ఆ పిట్కినే. వంట సబీనాదే.

ఆరు నెలలకు, ఆ వాయిదా ముందురోజు, భోజనాల బల్ల చివర కూర్చుని, ఆమెను విడిపిస్తూ తీర్పంతా రాశాడు. సంతకమే తరువాయి. ఇంతలో వడ్డన మొదలైంది.

"అది పోతే మీకీ కోడికూర ఎవరు వండుతారు, జడ్జిగారూ?" అన్నాడు పిట్కిన్.

సబీనా గరిటె పట్టుకుని నిలబడింది. "ఇంకో ముక్క వెయ్యమంటారా, సంతకం పెడతారా?"

"ముక్క వెయ్యి" అన్నాడు జడ్జి.

నాకు ఒళ్ళు మండింది. నిండా ఇసుకతో అక్కడే ఉన్నాను. మర్నాడు, తిన్న ఇంటివాడి మొహం చూడలేక, ఇంకో వాయిదా వేశాడు.

మళ్ళీ వచ్చేసరికి వేరే మనిషి వడ్డించింది.

"సబీనా ఏది?"

"అమ్మేశానండి, పోయిన నెల్లో. మీరు వద్దనలేదుగా."

జడ్జి పళ్ళెం వైపే చూస్తూ తిన్నాడు.

మర్నాడు కోర్టు గుమ్మంలో బంట్రోతు ఆమె పేరు మూడుసార్లు పిలిచాడు. అక్కడి రివాజు అది. పిలిస్తే పలకని మనిషి దావా కొట్టేయాలి. జడ్జి కొట్టేశాడు. ఈసారి సంతకానికి క్షణం పట్టలేదు. నన్ను వంచాడు. రాలకుండా బిగబట్టాలని చూశాను.

ఇసుక రాలింది. సిరా ఆరింది.