తగల్లేదు సార్!

నేను ఒక వాలీబాల్ నెట్టును. ముందే చెప్పేస్తున్నా, నాకు మనుషులంటే రోత. నన్ను తాకి, తాకలేదని కన్నతల్లి మీద ఒట్లేసేవాళ్ళ మధ్య పదేళ్ళు వేలాడాను మరి.

శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఎర్రమ్మ అనే ఆవిడ, చేపల వలలు అల్లే నైలాను తాడుతో నన్ను అల్లింది. ఆవిడ ముడి వేసిందంటే ఎంత పెద్ద చేప గింజుకున్నా ఊడదు. కొడుకు పోలయ్యకు ఆట పిచ్చి అని, పొయ్యి మీద కూర మాడిపోతున్నా పట్టించుకోకుండా అల్లింది. చేపల ఉసురు పోసుకోకుండా ఆటలోకి వచ్చానని నేనూ తెగ సంబరపడ్డాను. ఛీ, చేపలే నయం. చిక్కితే తన్నుకుంటాయి గానీ బుకాయించవు.

ఆటలో ఓ రూలుంది. బంతి కోసం ఎగిరినవాడు నాకు తగిలితే పాయింటు అవతలివాళ్ళది. మా జట్టు కెప్టెన్ తాతారావు నాకు మోచేత్తో తగిలేవాడు, పొట్టతో తగిలేవాడు, ఒకసారైతే చెమట కారుతున్న మూతితో కూడా తగిలాడు. మరుక్షణం రెండు చేతులూ పైకెత్తి "తగల్లేదు సార్!" అని ఒకటే కేక. వెనక ఉన్నవాళ్ళంతా దానికి వంత. ఈ సిగ్గుమాలినతనానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఐకమత్యం!

పోలయ్య ఆ జట్టులో లిఫ్టరు, అంటే కొట్టేవాడికి బంతి ఎత్తి ఇచ్చేవాడు. ఎంత వంకర బంతినైనా ఇసకలో దొర్లి లేపి, తాతారావు చేతికి అందించేవాడు. చప్పట్లు తాతారావుకి, నోట్లో ఇసక పోలయ్యకి. అయినా కిక్కురుమనేవాడు కాదు. నాకు తగిలితే తనంతట తనే చెయ్యెత్తేది వాడొక్కడే. వాడి మొహం చూసే నేను ఆ కర్రల మధ్య ఓర్చుకుని ఉన్నాను.

ఆ ఏడు ఫైనల్ పొరుగూరి జట్టుతో పడింది. ఆట మొదలవక ముందే తాతారావు బెదిరించాడు. "ఒరే పోలీ, ఇయ్యాల ఓడిపోతే రేపట్నుంచి నీ సోటు మా బావమరిదిది. ఇనబడిందా?"

జట్టు తప్ప వేరే లోకం తెలియని పోలయ్య మొహం పాలిపోయింది.

అవతలి కెప్టెన్ కూర్మారావు పిడుగు. వాడు కొడితే మావాళ్ళ చేతులు వాచిపోయాయి. ఆఖరిదైన అయిదో సెట్టులో పదమూడు, పదమూడు. పదిహేను కొట్టినవాళ్ళదే గెలుపు. అప్పుడు కూర్మారావు బంతిని అడ్డుకోబోయి, వేలి కొసతో నన్ను తాకాడు. ఎవరూ చూడలేదు. వాడే చెయ్యెత్తాడు. "నాకు తగిలింది సార్. పాయింటు ఆళ్ళకిచ్చీండి."

తాతారావు ఇకిలించాడు. "ఎర్రోడు!"

ఇంకొక్క పాయింటు చాలు. పోలయ్య నా పక్కనే ఎగిరి బంతి లేపాడు. వాడి వేలు నాలో చిక్కుకుని, కిందికి దిగే ఒంటి బరువుకి ఎర్రమ్మ వేసిన ముడి పుటుక్కున తెగింది. తాతారావు కొట్టాడు, బంతి అవతల నేలకు తగిలింది. నేను ఊగుతూనే ఉన్నాను. అంపైరుకు అనుమానం వచ్చింది. "తగిలిందా?"

పోలయ్య తాతారావు వైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తాడు.

"తగల్లేదు సార్!"

థూ! ఆ మాట తాతారావు నోట వెయ్యిసార్లు విన్నాను గానీ ఇంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

కూర్మారావు గొడవ పడలేదు. చేతులు కలపడానికి వచ్చి, తెగిన చోట తన వేలు పెట్టి చూపించాడు. "తమ్ముడూ, ఇది ఇప్పుడే తెగింది. కట్టించుకో."

పోలయ్య నన్ను ఇంటికి మోసుకెళ్ళాడు.

"ఎలా తెగిందిరా?" అంది ఎర్రమ్మ.

"బంతి తగిలిందే అమ్మా."

బంతికి తెగే ముడి తను వెయ్యలేదని ఎర్రమ్మకు తెలియదూ! కొడుకు మొహంలోకి ఒకసారి చూసి, తెగిన చోట కొత్త ముడి కట్టేసింది.

ఇప్పుడు నేను పాతబడి, ఆవిడ పెరట్లో కోళ్ళు రాకుండా బీరపాదు చుట్టూ కంచెగా ఉన్నాను. పోలయ్యే కెప్టెన్. గ్రౌండులోంచి వాడి నోట అదే కేక రోజూ ఇక్కడికి వినబడుతుంది. సాయంత్రం వచ్చి, నా సందుల్లోంచి చెయ్యి పెట్టి బీరకాయలు కోస్తాడు. వాళ్ళమ్మ కట్టిన ఆ ముడి దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అక్కడ కాయలు ముదిరిపోయి వేలాడుతున్నా సరే.

అక్కడ మాత్రం వాడు నిజంగానే తగలడు.