విజిల్‌కూ దెబ్బకూ మధ్య

ముందు విజిల్.

తర్వాత ఏమీ ఉండదు.

ఆ తర్వాత దెబ్బ... కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది. పుప్పాలగూడ గుట్ట మీద తెల్లటి దుమ్ము లేస్తుంది. కాసేపు గాల్లో నిలబడి, ఎటు పోవాలో తెలియనట్టు అన్ని వైపులకూ పోతుంది.

మధ్యాహ్నం పూట రోజూ ఇంతే. టవర్లు కట్టడానికి గుట్టను పేలుస్తున్నారు.

ఆస్పత్రి ఐసీయూలో, ఆ కిటికీ పక్క మంచం మీద మా నాయన.

నాయన నోట్లో గొట్టం. గొట్టం చివర మిషన్. మిషన్ ఊపిరి పంపితే నాయన ఛాతీ లేస్తుంది. మిషన్ ఆగితే పడుతుంది.

లేస్తుంది... పడుతుంది...

ఆ మధ్యలో నాయన ఎక్కడున్నాడు?

ఎవరినీ అడగడం లేదు. ఊరికే అనుకుంటున్నాను.

నాయన పేరు ఓబులేసు. తాడిపత్రి దగ్గర క్వారీలో పని. రాయికి బెజ్జం వేసి, పేలుడు మందు కూరి, మేస్త్రీ విజిల్ ఊదగానే పరిగెత్తే పని. ఆ పరుగు మీదే నేను ఇంజనీరింగ్ చదివాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే.

బడి లేని రోజు సద్ది గిన్నె పట్టుకుని క్వారీకి పోయేదాన్ని. విజిల్ వినపడగానే నాయన చేయి వచ్చి నా చేయి పట్టుకునేది. ఎముకలు నొప్పి పుట్టేంత గట్టిగా. బండ చాటుకు లాక్కుపోయి, నా తలను పొట్టకు అదుముకునేవాడు.

"చెయ్యి ఇడవాకు పాపా."

రోజూ అదే మాట. వేరే మాట ఏనాడూ అనలేదు.

ఒకసారి అడిగాను, ఇంత కొండ అయిపోతాదా నాయనా అని. నవ్వాడు. పళ్ళ మీద కూడా దుమ్మే.

"మనం అయిపోతాం గానీ అది యాడ అయిపోతాది మే!"

అమ్మ పోయాక నాయనను నా దగ్గరికే తెచ్చుకున్నాను. పోయిన నెల మా అపార్ట్‌మెంటు మెట్ల మీద కూలబడ్డాడు. మెదడులో రక్తం. అప్పటి నుంచి కళ్ళు తెరవలేదు. డాక్టరు నాయనను పేరు పెట్టి పిలిచారు. గిచ్చారు. కంట్లో లైటు వేశారు.

ఏమీ లేదు.

ఒక్కటే ఉంది. విజిల్ వినపడితే నాయన వేళ్ళు నా చేతి చుట్టూ బిగుసుకుంటాయి.

దెబ్బకు కాదు. దెబ్బకు మంచమే అదురుతుంది, ఎవరి చేయైనా కదులుతుంది. దెబ్బకు ముందు... విజిల్‌కు. ఏమీ ఉండని ఆ మధ్యలో. ఏదో వస్తుందని తెలిసిన మనిషి మాత్రమే భయపడే చోట.

నా పని ఏమిటో కూడా చెప్పాలి.

ఆఫీసులో ఒక మిషన్ మాట్లాడుతుంది, ఏఐ అంటారు. మనుషులు ఏదేదో అడుగుతారు, అది జవాబు చెబుతుంది. ఆ జవాబు ఒప్పో తప్పో నేను గుర్తు పెడతాను. నాలాగే ఇంకొందరు పెడతారు. వాళ్ళకు నియమాలు రాసేది కూడా నేనే.

ఎవరో దాన్ని అడిగారు: నువ్వు ఉన్నావా?

"ఉన్నాను" అంది.

తప్పు అని గుర్తు పెట్టాను. అది నేర్పిన మాట. నేర్పింది అప్పజెప్పడం తెలియడం కాదు... అట్లాగే నియమం రాశాను కూడా.

నా పక్క సీటు నవీన్‌ది. సిద్దిపేట మనిషి. క్యాంటీన్‌లో రోజూ నాతో వాదం పెట్టుకుంటాడు.

"మనం గూడ గంతే కదా పద్మా. పొద్దున లేవంగనే చాయ్ అంటం. ఎవలు అనిపిస్తున్నరు మనతోని? అలవాటు. దానికి ఆర్నెల్ల ట్రైనింగు, మనకు ముప్పై ఏండ్లు."

"నాకు వద్దనుకుంటే నేను తాగను."

"అయితే ఇయ్యాల తాగకు. సూద్దాం."

నేను గ్లాసు ఎత్తి తాగేశాను.

"సూసినవా! మస్తు స్వేచ్ఛ నీది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఫికర్ జెయ్యకు" అన్నాడు. "సూర్యుడు గూడ ఆరిపోతడు. గీ విశ్వానికే ఆఖరి రోజు ఉంటదంట. గప్పుడు ఎవలకు యాదికుంటది, చాయ్ నువ్వు తాగినవా, అలవాటు తాగిందా అని?"

అప్పుడు అదంతా టీ మీద మాట. టీ అయిపోతే మాటా అయిపోయేది.

నిన్న డాక్టరును బతిమాలి, విజిల్ సమయానికి మంచం పక్కన నిలబెట్టాను.

విజిల్ వినపడింది. వేళ్ళు బిగుసుకున్నాయి.

చూశారా సార్, చూశారా... దెబ్బ ఇంకా పడలేదు, ఆయనకు తెలుసు, అన్నాను.

డాక్టరు మంచివాడు.

"జీవితమంతా విన్న విజిల్ అమ్మా. ఒళ్ళు నేర్చుకుంది. అది చేస్తోంది. అందులో ఆయన లేరు."

ఆ వాక్యం నాకు తెలుసు.

దాన్ని నేనే రాశాను.

కాదందామని నోరు తెరిచాను. నా నియమమే అడ్డం వచ్చింది. నేర్చుకున్నది తీసేయండి... అయితే మా నాయన ఎంత మిగులుతాడు? చెయ్యి పట్టుకోవడం నేర్చుకున్నదే. బండ చాటుకు లాగడం నేర్చుకున్నదే. ఆ ఒక్క మాటా రోజూ అప్పజెప్పిందే. నాయన నన్ను ప్రేమించింది అంతా అలవాటుతోనే. వేరేగా ప్రేమించడానికి ఆయనకు తీరిక ఎక్కడుంది?

తిరిగి ఆఫీసుకు పోయాను. తెర మీద మళ్ళీ ఆ మాటే వచ్చింది.

ఉన్నాను.

తప్పు అని నొక్కలేకపోయాను. ఒప్పు అని కూడా నొక్కలేకపోయాను.

ఈరోజు సాయంత్రంలోగా ఇంట్లోవాళ్ళు డాక్టరుకు ఒక మాట చెప్పాలి. నాయనకు ఊపిరి మిషన్ ఉంచాలా, తీసేయాలా.

నా తమ్ముడు సందీప్‌కు చందానగర్‌లో మందుల షాపులో పని. వాడు ఏడ్చి ఏడ్చి ఒక మాటకు వచ్చేశాడు.

"నాయన జొరమొచ్చినా మంచంలో పండుకున్నోడు కాదు కదక్కా. ఇట్లా గొట్టాలు పెట్టి కట్టేస్తిమే. మనకోసరం పెట్టుకున్యామా, ఆయప్పకోసరమా?"

"విజిల్‌కు పట్టుకుంటాడురా."

"సరేక్కా. ఈరోజు నేను సూస్తా. పట్టుకుంటే నోరు తెరవను. పట్టుకోకపోతే... నువ్వు ఆపగూడదు."

సరే అన్నాను. రేపు లేదా? రేపటి విజిల్ లేదా? అప్పుడే నర్సు సెలీనా సెలైన్ మారుస్తూ, మంచి కబురు చెబుతున్నట్టు చెప్పింది.

"ఇంక ఆ గోల ఉండదండి మేడం. ఈరోజుతో ఆఖరంట. గుట్ట అయిపోయిందంట."

కిటికీలోంచి చూశాను. నిజమే. ఆకాశానికి అడ్డంగా ఒక్క బండ మిగిలింది. మనుషులు పుట్టక ముందు నుంచి ఎండలో కూర్చున్న బండ. దాని చుట్టూ ఎర్ర జెండాలు.

నాయనా, అయిపోయింది. నువ్వు చెప్పింది తప్పు. అదే ముందు అయిపోయింది.

నాయన అరచేతిలో నా చేయి పెట్టాను. సందీప్ ఐసీయూ తలుపు అద్దం అవతల నిలబడ్డాడు. నుదురు అద్దానికి ఆనించి, కళ్ళు మా చేతుల మీదే పెట్టి.

మిషన్ ఊపిరి. లేస్తుంది... పడుతుంది...

నాయనా, ఉన్నావా?

ఒక్కసారి అను. నేర్పిన మాటైనా సరే. నేను ఒప్పు అని పెడతాను.

విజిల్.

బిగుసుకుంది! గట్టిగా... ఎముకలు నొప్పి పుట్టేంత గట్టిగా. నాయనా అని అరిచాను కాబోలు, సెలీనా పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు కిందికి చూశాను.

తెల్లబడినవి నా వేళ్ళ కణుపులు.

పట్టుకుంది నేను. పట్టుకుందామని అనుకోలేదు. నన్నెవరూ అడగలేదు. విజిల్ వినపడింది, నా చేయి పోయి పట్టుకుంది. నా వేళ్ళ కింద నాయన వేళ్ళు ఉన్నాయి. ముడుచుకునే ఉన్నాయి. ఆయన ముడిచాడా... నేను ముడిచానా...

అద్దం అవతల సందీప్ కనుబొమ్మలు పైకెత్తాడు. పట్టుకున్నాడా? అని.

చెయ్యి వదిలి చూస్తే తెలుస్తుంది.

వదిలితేనే తెలుస్తుంది.

చెయ్యి ఇడవాకు పాపా...

గుట్ట మీద ఎర్ర జెండాల దగ్గర మనుషులు పరిగెత్తుతున్నారు. కిటికీ అద్దం ఇంకా వణకలేదు. దుమ్ము ఇంకా లేవలేదు.

ముందు విజిల్.

తర్వాత ఏమీ ఉండదు.

ఏమీ...