వెన్నుల గడ్డి కోసిన కొడవలి

నేను ఒక వరికోత కొడవలిని. ముందే చెబుతున్నా, నాకు కాస్త గర్వం ఎక్కువ. కమ్మరి సింహాచలం పాత లారీ కమానుపట్టీని కాల్చి, సాగగొట్టి, కక్కు కొట్టి నాకు పళ్ళు తెప్పించాడు. తుమ్మ పిడి వేయించి సొంతం చేసుకుంది కోతకూలీ నూకరత్నం. కోనసీమ చేలల్లో ఇరవై ఏళ్ళు కోతలు కోశాం. మా వరస అందుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

తర్వాత కోతమిషన్లు దిగాయి. నూకరత్నం గోదావరి గట్టు మీది రిసార్టులో తోటపనికి చేరింది. భర్త పోయి, మోకాళ్ళు అరిగిన మనిషి. ఆ పని పోతే ఆమెకు ఇంకో దారి లేదు.

అక్కడ వింత చూశాను. చేలో గడ్డి కనిపిస్తే పీకి గట్టున పారేసే మనుషులే, ఇక్కడ గడ్డిని కొనుక్కొచ్చి వరసగా నాటారు! ఫౌంటెన్ గడ్డి అట. నడుమెత్తు పెరిగి, నక్కతోకల్లాంటి వెన్నులు వేస్తుంది. దానికి ఎరువు, డ్రిప్పు, పేరు రాసిన బోర్డు.

"అయ్యబాబోయ్, గడ్డికి ఇంత రాజభోగమా!" అని నవ్వింది నూకరత్నం.

మాఘమాసంలో వెన్నులన్నీ పసుపుపచ్చగా పండాయి. ఆ పొద్దున వాటిని చూసి ఆమె ఆగిపోయింది. పండిన వెన్నును నిలబెట్టి వదిలేసే అలవాటు ఆ చేతికి లేదు. నన్ను తీసి వంగింది. ఏం చెప్పను, ప్రాణం లేచొచ్చింది! పదింటికల్లా వరస మొత్తం నేలమట్టానికి కోసి, పనలు పనలుగా పరిచేశాం.

మేనేజరు భాస్కరమూర్తి గారు వచ్చి నెత్తి పట్టుకున్నారు. "ఎల్లుండి పెళ్ళివాళ్ళు ఫొటోలకొస్తున్నారు! ఎవరు కొయ్యమన్నారు నిన్ను?"

"పండిపోయింది కదండీ బాబూ..."

"రేపట్నించి పనిలోకి రాకు."

"తప్పయిపోయిందండి. నెల్రోజులు చూడండి బాబూ. మళ్ళీ చిగురు రాకపోతే నేనే ఎల్లిపోతానండి."

ఆయన మరీ కఠినుడు కాదు, సరేనన్నారు. పెళ్ళివాళ్ళు ఆ పనల మీదే కూర్చుని ఫొటోలు దిగి సంబరంగా వెళ్ళారు, అది వేరే సంగతి.

నూకరత్నం కడియం నర్సరీకి వెళ్ళి అడిగొచ్చింది. ఆ గడ్డిని ఏడాదికోసారి కోయాల్సిందేనట. కాకపోతే జానెడు మోడు ఉంచాలి. మేము మొదలంటా కోసేశాం. అందులో సగం తప్పు నాదే. మేనేజరు రెండుపూటలా తడపమంటే, మొదళ్ళు కుళ్ళుతాయని ఆమె నీళ్ళు తగ్గించింది. రోజూ వంగి చూసుకునేది. పదిహేనో రోజున దుబ్బుల అంచుల్లో పచ్చటి మొలకలు వచ్చాయి. నడిమధ్య మాత్రం చచ్చిపోయింది. పలుగుతో దుబ్బులు లేపి, చచ్చినది తీసేసి, బతికిన అంచులను విడదీసి మళ్ళీ నాటింది. నెల తిరిగేసరికి ఒక్క వరస రెండు వరసలైంది.

"పనిలో ఉండు. కానీ ఆ కొడవలి నా తోటలో కనిపించకూడదు" అన్నారు మేనేజరు. బ్యాటరీ కట్టరు కొన్నారు. నన్ను భోజనశాల గోడకు, పాత రోకలి పక్కన, అలంకారంగా మేకుకు తగిలించారు. పెసరట్టు తింటూ జనం నాతో సెల్ఫీలు దిగేవారు. నూకరత్నం పని నిలిచినందుకు సంతోషించాను, నిజం. అయినా నాకు ఏడుపు ఆగలేదు.

ఏడాది తిరిగింది. మళ్ళీ మాఘం. కిటికీలోంచి కట్టరు రొద పొద్దుట్నించీ వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి ఆగింది. నూకరత్నం లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని ఎక్కి, నన్ను మేకు మీంచి దించింది.

"ఒక్క దుబ్బు నీకని ఉంచాను, రా" అంది.

వరండాలో మేనేజరు నిలబడే ఉన్నారు. ఆమె నన్ను కొంగు కింద దాచలేదు. దుబ్బు మొదలు నుంచి జానెడు కొలిచి, అక్కడ నన్ను ఆనించింది.